అడినైన్ థైమిన్‌తోనే ఎందుకు జతకడుతుంది? మన రొయ్య సీడ్ పీసీఆర్‌కి దీనికి సంబంధం ఏంటి?

తమ్ముడూ, నీ ప్రశ్నలు మూడూ చదివాను. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో అడినైన్ ఎప్పుడూ థైమిన్‌తోనే, గ్వానిన్ ఎప్పుడూ సైటోసిన్‌తోనే ఎందుకు, వేరే జతలు ఎందుకు కుదరవు అనేది మొదటిది. మొదటి జతకి రెండు బాండ్లు, రెండో జతకి మూడు బాండ్లు అని బట్టీ పట్టించారు గానీ దానివల్ల ఏం జరుగుద్దో ఎవరూ చెప్పలేదన్నావు, అది రెండోది. మూడోది మీ నాన్నగారిది, వైరస్ డీఎన్ఏ ఉందేమో చూసే పీసీఆర్ టెస్ట్‌లో నెగటివ్ వచ్చిన సీడే, అంటే రొయ్య పిల్లల్నే వదిలినా నలభై రోజులు తిరక్కుండా చెరువులో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చేసింది, మరి ఆ టెస్ట్‌ని నమ్మాలా వద్దా అని. మూడింటికీ వేరు ఒక్కటే, అందుకే విడగొట్టకుండా ఒకేచోట రాస్తున్నాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు.

నేను బయోకెమిస్ట్రీ చదివి, కొన్నాళ్ళు డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పి, ఆ తర్వాత భీమవరం చుట్టుపక్కల రొయ్య సీడ్ టెస్టింగ్ ల్యాబుల్లోనే ఉండిపోయాను. రోజూ డీఎన్ఏ తీసి దాన్ని వేడి చేసి చల్లార్చడమే పని కాబట్టి ఈ జతలు కట్టడం విడిపోవడం నాకు పుస్తకంలో బొమ్మలాగా కాదు, మెషీన్ స్క్రీన్ మీద టెంపరేచర్ లాగా కనపడతాయి. ఆ వైపు నుంచే చెప్తాను.

ముందు డీఎన్ఏ ఆకారం తొందరగా చూసేద్దాం. రెండు పొడుగాటి పోగులు ఒకదాని చుట్టూ ఒకటి మెలేసుకుని ఉంటాయి. ఒక్కో పోగుకీ వెన్నుగా చక్కెర, ఫాస్ఫేట్, మళ్ళీ చక్కెర, మళ్ళీ ఫాస్ఫేట్, అలా వరసగా పోతాయి, ఆ చక్కెర పేరు డీఆక్సీరైబోజ్. ప్రతి చక్కెరకీ ఒక బేస్, అంటే డీఎన్ఏ అక్షరం, లోపలి వైపుకి అతుక్కుని ఉంటది. మెలిక మొత్తం వెడల్పు 2 నానోమీటర్లు, జతకీ జతకీ మధ్య దూరం 0.34 నానోమీటర్లు, ఒక పూర్తి చుట్టుకి దాదాపు 10 జతలు. ఫాస్ఫేట్లకి నెగటివ్ చార్జి ఉంటది, అవి బయట ఉన్నాయి కాబట్టి డీఎన్ఏ నీళ్ళలో హాయిగా కరుగుద్ది, డీఎన్ఏ ముక్కల్ని పొడవు బట్టి వేరుచేసే మా జెల్‌లో కరెంట్ పెట్టగానే ఎప్పుడూ పాజిటివ్ వైపుకే పరిగెడుద్ది. వైట్ స్పాట్ వైరస్ డీఎన్ఏలో సుమారు 3 లక్షల జతలుంటాయి, 0.34తో గుణించి చూడు, తిన్నగా సాగదీస్తే మిల్లీమీటర్‌లో పదో వంతు వస్తది, అది మైక్రాన్‌లో మూడో వంతు పొడవున్న వైరస్‌లో చుట్టుకుని కూర్చుంటది. మనిషి ఒక్క కణంలో అయితే మొత్తం కలిపి 2 మీటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. బేసులు నాలుగు. అడినైన్, గ్వానిన్ పెద్దవి, రెండేసి రింగులుంటాయి. థైమిన్, సైటోసిన్ చిన్నవి, ఒక్కో రింగే. పెద్దవాటిని ప్యూరిన్లంటారు, చిన్నవాటిని పిరిమిడిన్లంటారు, ఇదంతా నీకు తెలిసిందే. మనవైపు పంట బోదె ఒకటి ఊహించుకో, రెండు గట్ల మధ్య వెడల్పు మొదటినుంచి చివరిదాకా ఒకటే. ఈ గట్టు నుంచి ఒక పొడుగు తాటిదుంగ, ఆ గట్టు నుంచి ఒక పొట్టి దుంగ పెడితే మధ్యలో సరిగ్గా కలుస్తాయి. రెండూ పొడుగువైతే గట్టు తోసుకొస్తాయి, రెండూ పొట్టివైతే మధ్యలో ఖాళీ మిగులుద్ది. డీఎన్ఏలో కూడా అంతే, ఒక పెద్దది ఒక చిన్నది కలిస్తేనే రెండు వెన్నుల మధ్య దూరం ఎక్కడా మారకుండా ఉంటది. అడినైన్-థైమిన్ (ఏ-టీ) జతని కొలిచినా గ్వానిన్-సైటోసిన్ (జీ-సీ) జతని కొలిచినా వాటిని పట్టుకున్న రెండు చక్కెరల మధ్య దూరం దాదాపు 1.05 నుంచి 1.1 నానోమీటర్ల లోపే, తేడా లేనట్టే. అడినైన్ గ్వానిన్‌తో ఎందుకు కలవదు అన్నావుగా, అక్కడ చోటు చాలదు, అదే మొదటి కారణం.

కానీ వెడల్పు ఒక్కటే లెక్క అయితే అడినైన్ సైటోసిన్‌తో కూడా కలవాలి కదా, అదీ పెద్దది-చిన్నదే కదా. ఇక్కడే చాలామంది టీచర్లు దాటేస్తారు. హైడ్రోజన్ బాండ్ అంటే ఒకవైపు హైడ్రోజన్‌ని ముందుకు చాచే గుంపు ఉండాలి, దాన్ని ఇచ్చే వైపు అనుకో, ఎదురుగా ఏ బాండ్‌లోనూ లేని ఎలక్ట్రాన్ జత ఉన్న నైట్రోజన్ గానీ ఆక్సిజన్ గానీ ఉండాలి, దాన్ని తీసుకునే వైపు అనుకో. ఇచ్చే దానికి ఎదురుగా తీసుకునేది ఉంటేనే బాండ్ పడుద్ది. అడినైన్ అంచు మీద పైనుంచి చూస్తే ఇచ్చేది, తీసుకునేది అని వరస. థైమిన్ అంచు మీద తీసుకునేది, ఇచ్చేది. ఎదురెదురుగా పెట్టు, రెండూ కుదిరాయి, రెండు బాండ్లు. సైటోసిన్ వరస ఇచ్చేది, తీసుకునేది, తీసుకునేది. గ్వానిన్ వరస తీసుకునేది, ఇచ్చేది, ఇచ్చేది. మూడూ కుదిరాయి, మూడు బాండ్లు. ఇప్పుడు అడినైన్‌ని సైటోసిన్ ఎదురుగా పెట్టి చూడు, ఇచ్చేదానికి ఎదురుగా ఇచ్చేదే, తీసుకునేదానికి ఎదురుగా తీసుకునేదే, బాండ్ పడకపోగా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఈ నాలుగు వరసలూ ఒక తెల్లకాయితం మీద నీ చేత్తో వేసుకో, ఒక్కసారి వేసుకున్నాక రెండా మూడా అని జీవితంలో బట్టీ పట్టే పని ఉండదు.

గ్వానిన్, థైమిన్ మాత్రం కొంచెం పక్కకి జరిగి రెండు బాండ్లు కట్టేసుకోగలవు, దాన్ని వాబుల్ జత అంటారు, ఆకారం కాస్త వంకరగా ఉంటది. కాపీ చేసే ఎంజైమ్, అంటే పాలిమరేజ్, ఆ వంకరనే పట్టుకుంటది. అది లోపల బాండ్లు ఎన్ని పడ్డాయని లెక్కపెట్టదు, జత మొత్తం ఆకారం తన గూట్లో సరిగ్గా పట్టిందా లేదా అని చూస్తది. 1990ల్లో ఎరిక్ కూల్ అనే కెమిస్ట్, ఆయన టీమ్, థైమిన్ ఆకారంలోనే ఉండి హైడ్రోజన్ బాండ్లు దాదాపు కట్టలేని ఒక నకలు బేస్ తయారుచేసి పెడితే పాలిమరేజ్ దాన్ని అడినైన్ జతగా బాగానే ఒప్పేసుకుంది. నాకు ఈ ప్రయోగం ఎంతో ఇష్టం, ఎందుకంటే జత కుదరడంలో ఆకారానికి ఎంత వాటా ఉందో ఇంతకన్నా తేటగా చూపించేది ఇంకోటి లేదు. జీవి కణంలో అయితే ఇలా ఆకారం చూసుకోవడం, పెట్టిన తప్పుని వెనక్కి తిరిగి కొరికేయడం, తర్వాత ఇంకో రిపేరు బృందం వచ్చి సరిచూడడం, ఇవన్నీ కలిస్తే వందకోట్ల అక్షరాలు కాపీ చేస్తే ఒకటి తప్పు పోయే స్థాయికి వస్తది.

ఇది ఎలా బయటపడిందో కూడా రెండు ముక్కలు చెప్పాలి, పరీక్షలో వాట్సన్, క్రిక్ అని ఇద్దరి పేర్లే రాస్తారు గానీ మనుషులు ఎక్కువమంది ఉన్నారు. ఎర్విన్ చార్గాఫ్ అనే బయోకెమిస్ట్ రకరకాల జీవుల డీఎన్ఏ విడగొట్టి కొలిచి, ఏ జీవిలో చూసినా అడినైన్ ఎంతో థైమిన్ అంతే, గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంతే అని 1950 నాటికి చెప్పేశాడు, మనిషిలో మొదటి రెండూ చెరో 30 శాతం దగ్గర, మిగతా రెండూ చెరో 20 శాతం దగ్గర. ఎందుకలా అనేది మాత్రం అప్పటికి తెలీదు. 1952 మేలో లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆవిడ స్టూడెంట్ రేమండ్ గాస్లింగ్ తీసిన ఎక్స్‌రే ఫొటో ఉంది, ఫొటో 51 అంటారు, మధ్యలో ఇంటూ మార్కులాగా ఉంటది, అలా వచ్చిందంటే మెలిక అని అర్థం, మచ్చల మధ్య దూరాల నుంచి చుట్టు పొడవు 3.4 నానోమీటర్లు, జతల మధ్య 0.34 అని లెక్క తేలుద్ది. ఫాస్ఫేట్లు బయటే ఉండాలని గట్టిగా చెప్పింది కూడా ఆవిడే. ఆవిడ కొలతల్లోని సిమెట్రీ చూసే రెండు పోగులూ ఎదురు దిక్కుల్లో నడుస్తున్నాయని క్రిక్ పట్టుకున్నాడు.

కేంబ్రిడ్జిలో వాట్సన్ మొదట అడినైన్‌కి అడినైన్, గ్వానిన్‌కి గ్వానిన్ అని ఒకే రకం జతలు కట్టి చూశాడు. అప్పటి పుస్తకాల్లో గ్వానిన్, థైమిన్ బొమ్మల్లో ఒక హైడ్రోజన్ ఉండాల్సిన చోట కాకుండా వేరేచోట గీసి ఉండేది. వాళ్ళ గదిలోనే కూర్చునే జెర్రీ డోనహ్యూ అనే అమెరికన్ కెమిస్ట్ ఆ రూపం తప్పు, ఇదీ అసలు రూపం అని చెప్పాడు. నేను పైన చెప్పిన ఇచ్చేది-తీసుకునేది వరస అంతా ఆ ఒక్క హైడ్రోజన్ ఎక్కడుందనే దాని మీదే నిలబడి ఉంది, అది అటూ ఇటూ అయితే వరస తారుమారు. 1953 ఫిబ్రవరి చివర్లో వాట్సన్ అట్టముక్కలు కత్తిరించుకుని సరైన రూపాలతో పేర్చి చూస్తే ఏ-టీ, జీ-సీ జతలు రెండూ ఒకే సైజులో, ఒకే ఆకారంలో వచ్చాయి, చార్గాఫ్ లెక్కకి కారణం కూడా దొరికేసింది. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వచ్చిన వాళ్ళ పేపర్ పేజీకి కాస్త ఎక్కువ, అంతే. 1962 నోబెల్ వాట్సన్, క్రిక్, కింగ్స్ కాలేజీలోనే పనిచేసిన విల్కిన్స్‌కి వచ్చింది. ఫ్రాంక్లిన్ 1958లోనే 37 ఏళ్ళకి చనిపోయింది. ఆవిడ పేరు రాయకపోయినా నీకు మార్కులు పడతాయి, అయినా రాయి.

చార్గాఫ్ లెక్క మీద ఎంట్రన్స్‌లో ప్రశ్న తప్పకుండా పడుద్ది, గ్వానిన్ 22 శాతం అయితే అడినైన్ ఎంత అని. సైటోసిన్ కూడా 22, రెండూ కలిపి 44, మిగిలిన 56లో సగం 28. కానీ ఒక మెలిక గుర్తుపెట్టుకో, ఈ లెక్క రెండు పోగుల డీఎన్ఏకే. మన రొయ్యలకి ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అని ఒక వైరస్ వస్తది, ముందటి కొమ్ము వంకర పోయి సైజులు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి చూడు, దాని డీఎన్ఏ ఒంటి పోగు, సుమారు 4 వేల అక్షరాలు. అక్కడ జతే లేదు కాబట్టి అడినైన్, థైమిన్ సమానంగా ఉండి తీరాలన్న రూలు కూడా లేదు. వైట్ స్పాట్ వైరస్‌ది రెండు పోగుల డీఎన్ఏ, దానికి లెక్క పనిచేస్తది.

ఇక నీ రెండో ప్రశ్న, రెండు బాండ్లు మూడు బాండ్లు అయితే ఏంటంట. జీ-సీ జతలు ఎక్కువ ఉన్న డీఎన్ఏని విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి, ఏ-టీ ఎక్కువుంటే తక్కువ వేడికే విడిపోద్ది. మేము పీసీఆర్‌కి వాడే ప్రైమర్, అంటే 20 అక్షరాల చిన్న ఒంటి పోగు ముక్క, ఎంత వేడికి విడిపోద్దో ఒక మోటు లెక్క ఉంది. ప్రతి అడినైన్, థైమిన్‌కి 2 డిగ్రీలు, ప్రతి గ్వానిన్, సైటోసిన్‌కి 4 డిగ్రీలు వేసి కూడాలి. 20లో 11 జీ-సీలు, 9 ఏ-టీలు ఉంటే 44, 18 కలిపి 62 డిగ్రీలు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఉప్పు శాతం, పక్కపక్క అక్షరాలు అన్నీ చూసి ఇంకా సరిగ్గా చెప్తాయి, అయినా చేత్తో లెక్కేసుకోడానికి ఇది చాలు. జీవుల్లో కూడా కాపీ మొదలయ్యే చోట్లు, జీన్ చదవడం మొదలయ్యే చోట్లు చాలావాటిలో ఏ-టీలు ఎక్కువుంటాయి, తెరుచుకోవడం తేలికని.

అయితే నాకు ఎప్పుడూ నచ్చని విషయం ఒకటుంది, డీఎన్ఏ గట్టిగా నిలబడటానికి హైడ్రోజన్ బాండ్లే కారణం అన్నట్టు రాసేస్తారు. పోగులు విడిపోయినా ఆ బేసులు నీళ్ళతో హైడ్రోజన్ బాండ్లు కట్టుకోగలవు కదా, కాబట్టి వాటివల్ల నికరంగా మిగిలేది అనుకున్నంత కాదు. అసలు బలం చాలావరకు పైనుంచి కిందకి వస్తది. బేసులు చదునుగా ఉంటాయి, వాటి చదును ముఖాలు నీళ్ళతో కలవవు, అందుకని ఒకదాని మీద ఒకటి దగ్గరగా పేర్చుకుని మధ్యలో నీళ్ళు లేకుండా చేసుకుంటాయి, ఆ 0.34 నానోమీటర్ల ఎడం అదే. జీ-సీ ఎక్కువున్న డీఎన్ఏ గట్టిగా ఉండటంలో కూడా మూడో బాండ్‌తో పాటు ఈ పేర్పు వాటా పెద్దది. జెల్‌లో డీఎన్ఏ కనపడటానికి ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు వేస్తాం, అది సరిగ్గా ఈ పేర్పులోకి, రెండు జతల మధ్యలోకి దూరి కూర్చుంటది, అప్పుడు యూవీ లైట్ కింద నారింజ రంగులో వెలుగుద్ది. డీఎన్ఏలోకి దూరేది కాబట్టే గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వం, నువ్వు రేపు ల్యాబ్‌లోకి వస్తే ఇది మాత్రం మర్చిపోకు. అందుకే నన్నడిగితే హైడ్రోజన్ బాండ్ల పని ప్రధానంగా ఎవరితో ఎవరు అని తేల్చడం, పట్టి ఉంచే పనిలో పెద్ద వాటా ఈ పేర్పుది.

ఇప్పుడు నేను నీకు నిజంగా చెప్పాలనుకున్న మాట. వెన్నులో చక్కెరకీ ఫాస్ఫేట్‌కీ మధ్య ఉన్నది కోవలెంట్ బాండ్, హైడ్రోజన్ బాండ్ కన్నా పది రెట్లకి పైగా బలం. జతల మధ్య ఉన్నవి మాత్రం విడివిడిగా చూస్తే బలహీనమైనవి, లక్షలు కలిస్తేనే గట్టి. ఈ తేడానే డీఎన్ఏ గొప్పతనం. జతలు కూడా కోవలెంట్ అయ్యుంటే పోగులు విడదీయడానికి అయ్యేది కాదు, విడదీయలేకపోతే చదవడానికి లేదు, కాపీ తీయడానికి లేదు. మరీ బలహీనమైతే మామూలు ఎండకే విడిపోయేది. విడదీసినప్పుడు అక్షరాల వరస చెదరదు ఎందుకంటే అది గట్టి వెన్ను మీద రాసి ఉంది, ఒక పోగు దొరికితే రెండోది ఏంటో జతల రూలు బట్టి రాసేయొచ్చు. పాత పోగులు రెండూ విడిపోయి ఒక్కోదాని మీద కొత్త పోగు కట్టుకుంటాయని మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1958లో బరువు నైట్రోజన్ పెట్టి పెంచిన ఈ-కోలై బాక్టీరియా మీద చేసి చూపించారు.

పీసీఆర్ ఈ తేడా మీదే బతుకుతుంది. కారీ మల్లిస్ అనే అమెరికన్ కెమిస్ట్ 1983లో దీన్ని ఆలోచించాడు, 1993లో నోబెల్ వచ్చింది. ట్యూబుని 95 డిగ్రీలకి వేడి చేస్తాం, జతలన్నీ విడిపోతాయి, వెన్ను చెక్కుచెదరదు. 55, 60 డిగ్రీల మధ్యకి దించుతాం, ప్రైమర్లు తమకి జతకుదిరే చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. 72 డిగ్రీలకి పెంచుతాం, ట్యాక్ అనే పాలిమరేజ్ ప్రైమర్ చివర నుంచి మిగతా జతలు పేర్చుకుంటూ పోద్ది. ఆ ఎంజైమ్ అమెరికా ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికిన బాక్టీరియాది కాబట్టి 95 డిగ్రీలకి కూడా పాడవదు. ఇలా ఒక చుట్టు తిరిగితే ఒకటి రెండవుద్ది, 30 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం ఒక్క ముక్క 107 కోట్లు దాటుద్ది. రెండు ప్రైమర్లు ఎందుకంటే పోగులు రెండూ ఎదురు దిక్కుల్లో నడుస్తాయి, పాలిమరేజ్ మాత్రం పోగుకి 3-ప్రైమ్ అనే ఒక్క చివరకే కలుపుకుంటూ పోగలదు, కాబట్టి అటు పోగుకొకటి, ఇటు పోగుకొకటి కావాలి. మన మార్టేరు స్టేషన్‌లో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, 1982లో వచ్చిన వరి, దానికి వరదలో రెండు వారాల దాకా మునిగినా తట్టుకునే సబ్-1 జీన్‌ని ఒడిశా పాత రకం నుంచి ఎక్కించి స్వర్ణ సబ్-1 చేశారు చూడు, మొక్కలన్నిట్నీ ముంచి చూడకుండా ఏ మొలకలో ఆ జీన్ వచ్చిందో పట్టుకుంది కూడా ఇలాంటి ప్రైమర్లతోనే.

థైమిన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, భీమవరం మనిషిని కాబట్టి. ఆర్ఎన్ఏలో యురాసిల్ ఉంటది, డీఎన్ఏలో దాని బదులు థైమిన్ ఎందుకు? థైమిన్ అంటే యురాసిల్‌కి ఒక మిథైల్ గుంపు తగిలించిందే, అడినైన్‌తో రెండూ ఒకేలా జతకడతాయి. మరి ఆ మిథైల్ దేనికంటే, సైటోసిన్ నీళ్ళలో తనంతట తానే అప్పుడప్పుడు పాడై యురాసిల్‌గా మారిపోతుంటది, మనిషి ఒక్కో కణంలో రోజుకి వంద పైచిలుకు ఇలా మారతాయి. డీఎన్ఏలో యురాసిల్ కనపడితే ఇది పాడైన సైటోసిన్ అని రిపేరు ఎంజైమ్ గుర్తుపట్టి పీకేస్తది. మామూలుగానే డీఎన్ఏలో యురాసిల్ ఉండుంటే ఏది అసలుదో ఏది పాడైందో తెలిసేది కాదు. ఆ మిథైల్ తగిలించడానికి ఫోలిక్ యాసిడ్ రూపం ఒకటి కావాలి. 1895లో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో ఉండగా ఆయన టీమ్ ఈ ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందులు తయారుచేసింది, అమైనోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్. ఫోలిక్ యాసిడ్ దారి మూసేస్తే థైమిన్ తయారవదు, థైమిన్ లేకపోతే అడినైన్‌కి ఎదురుగా పెట్టడానికి ఏమీ ఉండదు, తెగ పెరిగే క్యాన్సర్ కణం కాపీ తీసుకోలేక ఆగిపోద్ది. మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుతున్నారు. అంతకుముందు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ కనిపెట్టారు, అందులో ఏ అంటే ఇదే అడినైన్ ఉన్న అడినోసిన్. బేసుల పాఠంలో ఆయన పేరు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు, మన జిల్లా పిల్లలకైనా చెప్పాలి.

ఇక నాన్నగారి ప్రశ్న. టెస్ట్ ఏం చూస్తుందో ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి ఏం చూడలేదో కూడా నువ్వే చెప్పగలవు. ప్రైమర్ తన జత వరస ఉన్నచోటే అతుక్కుంటది. వైట్ స్పాట్ ప్రైమర్లు పెడితే వైట్ స్పాట్ ఒక్కటే తెలుస్తది, ఈహెచ్‌పీ అనే రొయ్య పరాన్నజీవికి వేరే ప్రైమర్లు కావాలి, ఆర్ఎన్ఏ వైరస్‌లైతే ముందు ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చుకోవాలి. అందుకని రిపోర్టులో నెగటివ్ అన్న మాటొక్కటే చూడకూడదు, ఏ జబ్బుకి నెగటివ్ అన్నది చూడాలి. ఇంకోటి, ప్రైమర్ చివరి అక్షరం జతకుదరకపోతే ట్యాక్ ముందుకి కదలడం చాలా కష్టం, వైరస్ సరిగ్గా అక్కడ మారిపోయుంటే వైరస్ ఉన్నా బ్యాండ్, అంటే జెల్ మీద గీత, రాకపోవచ్చు, ఇది అరుదు గానీ ఉంది.

అంతకన్నా పెద్ద కారణం శాంపిల్. లక్ష పిల్లల్లో నూటికి 2 చొప్పున వైరస్ ఉంటే, కలగాపులగంగా తీసిన 150 పిల్లల్లో ఒక్కటైనా వైరస్ ఉన్నది పడే అవకాశం నూటికి 95. కానీ నూటికి అర చొప్పున మాత్రమే ఉందనుకో, అంటే లక్షలో 500 పిల్లలు, అప్పుడు అదే 150 తీస్తే ఒక్కటి కూడా చేతికి రాకుండా పోయే అవకాశం నూటికి 47. ట్యూబులోకి రాని డీఎన్ఏని 30 చుట్లు కాదు 300 చుట్లు తిప్పినా జత కుదరదు. టబ్‌లో ఒకే మూల నుంచి గుప్పెడు తీసి తెచ్చి టెస్ట్ చేయించుకునే వాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, దయచేసి నాలుగైదు చోట్ల నుంచి తీయండి. పైగా సీడ్ శుభ్రంగా ఉన్నా పీతల ద్వారా, పక్క చెరువులో జబ్బొచ్చి వదిలేసిన నీళ్ళ ద్వారా వైరస్ తర్వాత రావొచ్చు, వచ్చాక మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా పోద్ది. నలభై రోజులప్పుడు వచ్చినదాన్ని చూసి సీడ్ టెస్ట్ అబద్ధం అని అప్పుడే తేల్చేయలేం.

ఈసారి రిపోర్ట్ తీసుకునేటప్పుడు నాన్నగారిని మూడు అడగమను. ఎన్ని పిల్లలు కలిపి రుబ్బారు, ఏయే జబ్బులకి ప్రైమర్లు పెట్టారు, ఇంటర్నల్ కంట్రోల్ బ్యాండ్ వచ్చిందా అని. మూడోది మరీ ముఖ్యం. రొయ్య సొంత జీన్‌కి కూడా ఒక జత ప్రైమర్లు పెడతారు, రొయ్య డీఎన్ఏ ట్యూబులో ఉంది కాబట్టి అది రావాలి. అది రాలేదంటే డీఎన్ఏ సరిగ్గా తీయలేదన్నా అయ్యుండాలి, రియాక్షన్‌ని ఏదో అడ్డుకుందన్నా అయ్యుండాలి, అప్పుడు వైట్ స్పాట్ దగ్గర ఖాళీగా ఉన్నా దాన్ని నెగటివ్ అనకూడదు, మళ్ళీ చేయాలి. జెల్ ఫొటో చూపించమంటే మంచి ల్యాబ్ ఏదైనా చూపిస్తది, నువ్వు కూడా నాన్నగారితో వెళ్ళి ఆ ఫొటోలో వైరస్ ఉందని తెలిసే పెట్టిన పాజిటివ్ కంట్రోల్, లేదని తెలిసే పెట్టిన నెగటివ్ కంట్రోల్, ఇంటర్నల్ కంట్రోల్ ఏ గీత ఏదో చూపించమని అడుగు.